జలియన్‌వాలా బాగ్ స్మృతి: విశ్వాసం, దేశభక్తి, ఐక్యత

ఒక జాతి తన చరిత్రలోని ఘోర విషాదాన్ని స్మరించుకునే వేళ మూడు భావాలు ఒకే వేదిక ఎక్కుతాయి: మృతులకు సద్గతిని కోరే మతవిశ్వాసం, వారి మరణాన్ని దేశానికి అర్పణగా భావించే దేశభక్తి, ఆ దుఃఖం అందరిదీ అని చాటే ఐక్యత. సంస్మరణ సభల్లో ఈ మూడింటినీ ఒక్క ఊపిరిలో పలకడం ఆనవాయితీ కావడం వల్ల అవి ఒకటేనన్న భ్రమ కలుగుతుంది గాని, నిదానించి చూస్తే వాటి దృష్టులు వేరు. విశ్వాసం మృతుణ్ణి దైవసన్నిధిలో చూస్తుంది. దేశభక్తి అతణ్ణి జాతి చరిత్రలో నిలుపుతుంది. ఐక్యత అతని కులమతాలను పక్కనపెట్టి తోటి మనిషిగా గుర్తిస్తుంది. ఇవి ఒకదానికొకటి ఎప్పుడు బలమవుతాయి, ఎప్పుడు చేటు చేస్తాయి అన్న ప్రశ్నను పరిశీలించడానికి 1919 నాటి అమృత్‌సర్ చరిత్ర తగిన ఆధారం.

విచారణ లేకుండా మనుషులను నిర్బంధించే అధికారాన్ని ప్రభుత్వానికి కట్టబెట్టిన రౌలట్ చట్టం ఆ ఏడాది మార్చిలో వచ్చింది. దానికి నిరసనగా గాంధీ ఏప్రిల్ 6ను ఉపవాస ప్రార్థనలతో కూడిన హర్తాళ్ దినంగా, అంటే జనం తమంతట తామే పనులూ వ్యాపారాలూ ఆపుకునే రోజుగా ప్రకటించడంతో, రాజకీయ ప్రతిఘటన ఆత్మశుద్ధి వ్రతంగా రూపుదాల్చింది. ఏప్రిల్ 9న అమృత్‌సర్‌లో జరిగిన శ్రీరామనవమి ఊరేగింపులో ముస్లింలు పెద్ద సంఖ్యలో పాల్గొన్నారు; ఒకరు ముట్టిన పాత్రలో మరొకరు నీళ్లు తాగని ఆచారం బలంగా ఉన్న ఆ రోజుల్లో ఇరు మతాలవారూ ఒకే పాత్రతో దాహం తీర్చుకున్నారు. మరునాడే నగర నాయకులైన డాక్టర్ సైఫుద్దీన్ కిచ్లూ, డాక్టర్ సత్యపాల్‌లను ప్రభుత్వం అక్కణ్ణుంచి తరలించగా నగరం అట్టుడికింది. కాల్పుల్లో నగరవాసులు, గుంపుల చేతుల్లో ఐదుగురు ఐరోపావాసులు మరణించారు. ఏప్రిల్ 13న, సిక్కుల దీక్షా సమాజమైన ఖాల్సా ఆవిర్భావాన్ని స్మరించే వైశాఖి పండుగ నాడు, జలియన్‌వాలా బాగ్‌లో చేరిన జనం మీద బ్రిగేడియర్ జనరల్ డయ్యర్ ఎలాంటి హెచ్చరికా లేకుండా కాల్పులు జరిపించాడు. దాదాపు 10 నిమిషాల్లో 1,650 తూటాలు పేలాయి. మృతులు 379 మంది అని ప్రభుత్వం లెక్క చెప్పగా, కాంగ్రెస్ విచారణ సంఘం ఆ సంఖ్యను సుమారు 1,000గా అంచనా వేసింది.

ఈ వరుసలో గమనించవలసిన సంగతి ఒకటుంది. విషాదం జనాన్ని ఏకం చేస్తుందన్నది తరచుగా వినవచ్చే మాట. అమృత్‌సర్‌లో మాత్రం ఐక్యత విషాదానికి నాలుగు రోజుల ముందే, అదీ ఒక పండుగ సంబరంలో, కళ్లకు కట్టింది. కనుక ఏప్రిల్ 13ను స్మరించేవారు ఏప్రిల్ 9ని విడిచిపెడితే వారి స్మరణ సగంలో ఆగిపోయినట్లే.

అసలు మృతుల స్మరణలో విశ్వాసం పోషించే పాత్ర ఏమిటి? సిక్కుల నిత్యప్రార్థన అయిన అర్దాస్ ధర్మం కోసం తలలిచ్చినవారినీ, చిత్రహింసలు అనుభవించినవారినీ తలచుకుంటుంది. అయితే ఆ ప్రార్థన ముగిసేది పగతో కాదు, సకల జనుల మేలు కోరే విన్నపంతో. హిందువుల తర్పణ విధి ప్రధానంగా పితృఋణం తీర్చుకునే కర్మ, అంటే తన వంశపు పూర్వులకు బాకీపడిన నీటిని విడిచే కర్మ; అందులోనూ తనకు బంధువులు కానివారికీ, నీళ్లు వదిలే దిక్కులేనివారికీ ఒక దోసెడు నీరు విడిచే ఏర్పాటు ఉంది. క్రీ.శ. 680లో కర్బలాలో జరిగిన సంహారాన్ని స్మరించే మొహర్రం, తెలంగాణ, రాయలసీమ పల్లెల్లో పీర్ల పండుగగా హిందువులు కూడా మొక్కులు తీర్చుకునే సందర్భమైంది. అంటే పరాయివాడి మరణాన్ని తన దుఃఖంగా స్వీకరించే దారి మతాల లోపలే ఉంది. దానికోసం మతాన్ని గుమ్మం బయట వదిలి రానక్కర లేదు.

అయితే అదే విశ్వాసం అధికారానికి ఊడిగం చేసిన ఉదాహరణ కూడా అమృత్‌సర్‌లోనే ఉంది. ప్రభుత్వం నియమించిన నిర్వాహకుడి చేతిలో అప్పట్లో ఉన్న స్వర్ణ మందిరంలో, కాల్పుల తరువాత డయ్యర్‌కు సరోపా, అనగా గౌరవచిహ్నంగా ఇచ్చే వస్త్రం, బహూకరించారు. ఈ అవమానాన్ని సిక్కులు కేవలం పరాయి పాలన మీది కోపంగా మిగల్చలేదు. తమ ఆలయాలు ఎవరి చేతుల్లో ఉన్నాయని తమనే ప్రశ్నించుకున్నారు. గురుద్వారాల సంస్కరణకు ఆ ఆగ్రహమూ తోడై, 1920 నవంబరులో శిరోమణి గురుద్వారా ప్రబంధక్ కమిటీ ఏర్పడింది. విశ్వాసం స్మరణకు చేయగల గొప్ప మేలు ఈ ఆత్మవిచారణే.

దేశభక్తికీ ఇదే పరీక్ష వర్తిస్తుంది. ఆజ్ఞ ఇచ్చినవాడు ఆంగ్లేయుడే అయినా, తుపాకులు పేల్చినవారు బ్రిటిష్ భారత సైన్యంలోని ఈ ఉపఖండపు సిపాయిలే. ఈ చేదు నిజాన్ని దాటవేసే దేశభక్తి విషాదాన్ని శత్రువు దుర్మార్గానికి రుజువుగా మాత్రమే వాడుకుంటుంది. దాన్ని ఎదుర్కొనే దేశభక్తి, అన్యాయమైన ఆజ్ఞకు తలవంచే అలవాటు తన సమాజంలో ఎందుకు పాతుకుపోయిందని అడుగుతుంది. జలియన్‌వాలా బాగ్ స్మారక నిధి సేకరణ వేళ, ఆ స్థలం పగను పెంచడానికి కాక, నిర్దోషుల స్మృతికీ హిందూ ముస్లిం సిక్కుల ఐక్యతకూ గుర్తుగా నిలవాలని గాంధీ వాదించడంలోని ఆంతర్యం కూడా ఇదే.

దుఃఖంలో పుట్టిన ఐక్యత తనంతట తాను నిలవదని ఆ తరువాతి చరిత్ర చెబుతుంది. 1919 ఏప్రిల్ 4న ఢిల్లీ జామా మసీదు వేదిక నుంచి ప్రసంగించిన ఆర్యసమాజ సన్యాసి స్వామి శ్రద్ధానంద, 1926లో మతవిద్వేషానికి బలయ్యారు. 1947లో అమృత్‌సర్ వీధుల్లోనే మతం పేరిట నెత్తురు పారింది. ఒకే బాగ్‌లో కలిసి మరణించడం, మరుసటి తరం కలిసి బతకడానికి పూచీ కాలేకపోయింది. కాబట్టి జాతీయ విషాదపు స్మరణను శ్రద్ధాంజలి ఎంత ఘనంగా జరిగిందన్న దానితో కొలవడం సరికాదు. ఏటా ఏప్రిల్ 13న పూలు చల్లే సమాజం, మిగిలిన రోజుల్లో పొరుగు మతస్థుడి పండుగలో పాలుపంచుకోగలుగుతున్నదా, తన ఆలయాల్లోని, తన ప్రభుత్వంలోని అన్యాయాన్ని అన్యాయమని అనగలుగుతున్నదా అన్నవే దానికి సరైన కొలమానాలు.