అరుదైన వ్యాధి - అందరి ధర్మము

వేలమందికి సోకు వ్యాధిని నివారించుటకై ధనము వెచ్చించుట న్యాయమని ఎల్లరును అంగీకరింతురు. కాని కొలదిమందికి మాత్రమే వచ్చి, చికిత్సకు విశేషధనమును కోరు వ్యాధి విషయమున సమాజధర్మ మెట్టిది? బీదరికము పూర్తిగ తొలగని దేశమున ఈ ప్రశ్న మరింత కఠినమగును.

మల్టిపుల్ స్క్లెరోసిస్ అట్టి వ్యాధి. 1868లో పారిస్ వైద్యుడు షార్కో దీనిని విస్పష్టముగ వర్ణించెను. దేహమును కాపాడవలసిన రక్షణశక్తియే దారితప్పి, మెదడు, వెన్నుపాములలోని నరములను కప్పియుండు మైలిన్ అను పొరను దెబ్బతీయును. ఒకనాడు కన్ను మసకబారును. కొన్ని వారములకు చూపు తిరిగి వచ్చును. మరియొకప్పుడు కాలు తిమ్మిరెక్కి నడక తడబడును. ఇది తరచుగ 20-40 ఏండ్ల నడుమ, పురుషులకంటె స్త్రీలకు ఎక్కువగ వచ్చుచుండును.

భిలాయినే తీసికొందము. సోవియట్ సహాయముతో నిర్మితమైన ఆ ఉక్కు కర్మాగారములో తొలి బ్లాస్ట్ ఫర్నేసును 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ గారు ప్రారంభించిరి. బ్రతుకుతెరువుకై వెళ్లిన తెలుగు కుటుంబములెన్నో అచ్చటనే స్థిరపడినవి. సెక్టారు 9లో నెహ్రూగారి పేర కర్మాగారపు ఆసుపత్రి కలదు. సమీపమున రాయపూరులో అఖిల భారత వైద్యవిజ్ఞాన సంస్థ 2012లో ప్రారంభమైనది. కావున ఆసుపత్రులే లేవనుటకు వీలులేదు. అయినను రోగికిని చికిత్సకును నడుమ అడ్డుగోడలు నిలిచియున్నవి.

మొదటిది వ్యాధిని గుర్తింపలేకపోవుట. లక్షణములు వచ్చి పోవుచుండుటచే రోగి ఒకసారి కంటివైద్యునికడకును, వేరొకసారి ఎముకల వైద్యునికడకును పోవును. నరముల వైద్యుని చూచి, ఎం.ఆర్.ఐ. తీయించునప్పటికి ఏండ్లు గడచిపోవచ్చును. నశించిన నరము తిరిగి మొలవదు. కనుక ఆలస్యమే ఇచ్చట హాని.

రెండవది అవిశ్వాసము. దేహము వేడెక్కినపుడు ఈ రోగుల బాధలు తాత్కాలికముగ హెచ్చును. వేసవిలో 40 డిగ్రీలు దాటు ఆ ఊరిలో, చూచుటకు దృఢముగనున్న యువకుడు కాళ్లు తేలిపోవుచున్నవనినచో సోమరి యందురు. కోడలైనచో పని తప్పించుకొనుచున్నదందురు. ఔషధమునకు ముందుగ రోగికి కావలసినది తన మాటను నమ్మువారు.

మూడవది వ్యయము. ఒక్కరికై ఇంత ఖర్చు చేసినచో పదిమంది బీదల మాటేమని అడుగుట అన్యాయము కాదు. కాని ధర యనునది మార్పులేని ప్రకృతినియమము కాదు. రిటుక్సిమాబ్ అను మందు 1997లో ఒక రకపు కాన్సరుకై అమెరికాలో అనుమతి పొందినది. దానికి సరిపోలు మందును హైదరాబాదుకు చెందిన డాక్టర్ రెడ్డీస్ సంస్థ 2007లో తక్కువ ధరకు మనదేశమున ప్రవేశపెట్టినది. 2023లో ప్రపంచ ఆరోగ్యసంస్థ రిటుక్సిమాబును ఈ నరవ్యాధికి సైతము అత్యవసర ఔషధముల పట్టికలో చేర్చినది. పూనిక యున్నచో అందని మందును అందుబాటులోనికి తేవచ్చునని దీనివలన తెలియుచున్నది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము తాను పేర్కొన్న 21 వైకల్యములలో ఈ వ్యాధిని లెక్కించినది. అనగా రోగి కోరునది దయ కాదు, హక్కు.

ఇక "వాని ప్రారబ్ధము, మన మేమి చేయగలము?" అనువారు కలరు. కర్మసిద్ధాంతము నా కష్టమును నేను ధైర్యముతో భరించుటకు ఉపకరించును; పరుని కష్టమును చూచి చేతులు ముడుచుకొనుటకు అనుమతిపత్రము కాదు. అతని వ్యాధి అతని ప్రారబ్ధమైనచో, దానిని చూచిన నాకు సేవ కర్తవ్యమగుచున్నది.

ఉక్కును కరగించు బాహువునకు జీతమిచ్చుట వ్యవహారము. ఆ బాహువు పట్టుతప్పిన పిమ్మటను, హాజరుపట్టీలో పేరున్నను లేకున్నను, ఆ మనుష్యుని విలువ తరగలేదని తలచి ఆదుకొనుట ధర్మము. కొలదిమందే కదా యని విడిచిపెట్టుటకు ముందు ఒక్కమాట యోచింపవలెను: బాధపడువానికి తన వ్యాధి అరుదైనది కాదు, అది అతని జీవిత మంతయు.