వారసులు కరువైన పితృదేవతలు

ఒక స్త్రీ తన జీవితకాలంలో సగటున కనే పిల్లల సంఖ్యను సంతానోత్పత్తి రేటు అంటారు. జనాభా తరగకుండా ఉండాలంటే అది సుమారు 2.1 ఉండవలసి ఉండగా, 2023లో జపాన్‌లో 1.20కి, పొరుగునున్న దక్షిణ కొరియాలో 0.72కి పడిపోయింది. ఈ అంకెలను పింఛన్ల భారంగానో కార్మికుల కొరతగానో లెక్కగట్టడం పరిపాటే అయినా, పితృదేవతలకు ఏటేటా నైవేద్యం పెట్టే బాధ్యతను సంతానం మీదే ఉంచిన ఆ సమాజాల్లో, కర్మ చేసేవారే లేనప్పుడు పెద్దల ఋణం ఎలా తీరుతుందన్న పాత ప్రశ్న మళ్లీ తలెత్తుతున్నది.

పితృభక్తికి జరిగే లోపాలలో సంతానం లేకపోవడమే పెద్దదన్న చైనా తత్త్వవేత్త మెన్షియస్ అభిప్రాయం, వైదికుల ఋణత్రయంలో సంతానంతో తీరవలసిన పితృఋణాన్ని గుర్తుకు తెస్తుంది. అయితే తల్లిదండ్రులకు చెప్పకుండా పెళ్లాడిన షున్ చక్రవర్తిని సమర్థిస్తూ ఆయన ఆ మాట అన్నాడన్న సంగతిని చాలామంది విస్మరిస్తారు. ఆచారం ఏ ప్రయోజనం కోసం ఏర్పడిందో ఆ ప్రయోజనం కోసమే దాన్ని దాటవచ్చునన్నది అక్కడి వాదం కనుక, పిల్లల్ని కనమని స్త్రీలను ఒత్తిడి చేయడానికి ఆ మాటను వాడుకోవడం సగమే చదివి తీర్పు చెప్పడమవుతుంది.

కొరియాలో జేసా అనే పితృకర్మకు సంప్రదాయం ప్రకారం పెద్దకొడుకు కర్త కాగా, వంట భారమంతా కోడళ్లది. 2022లో చుసోక్ పండుగకు ముందు అక్కడి కన్‌ఫ్యూషియన్ సంస్థ సంగ్‌క్యూన్‌క్వాన్ తొమ్మిది రకాల పదార్థాలు చాలని, నూనెలో వేయించినవి తప్పనిసరి కాదని ప్రకటించింది (పొయ్యి మీది మూకుడు దించడానికి ఇన్ని తరాలు పట్టడం వింతే). మరుసటి ఏడు, వారసుల మధ్య ఒప్పందం కుదరనప్పుడు కొడుకైనా కూతురైనా వయసులో పెద్దవారే కర్మాధికారులని సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది.

జపాన్ మరో దారి పట్టింది; దాని మూలం చైనా బౌద్ధంలో ఉంది. ఇల్లు విడిచిన భిక్షువు వంశాన్ని తెంచుతున్నాడని చైనాలో నింద వచ్చినప్పుడు, బుద్ధుని శిష్యుడు మౌద్గల్యాయనుడు భిక్షుసంఘానికి దానమిచ్చి ప్రేతలోకంలోని తల్లిని ఉద్ధరించిన కథ బౌద్ధులకు సమాధానమైంది. రక్తసంబంధం లేని సంఘం కూడా పితృకార్యం నిర్వహించగలదన్న ఆ భావమే ఇప్పుడు ఎయితాయ్ కుయో, అంటే వారసులు లేనివారి కర్మలను ఆలయమే జరిపించే ఏర్పాటు, రూపంలో నిలిచింది. టోక్యోలోని కోకోకుజి ఆలయానికి చెందిన రూరిదెన్ అనే అస్థికల మందిరంలో రెండు వేలకు పైగా గాజు బుద్ధ ప్రతిమలు నీలికాంతితో వెలుగుతుంటాయి. వచ్చినవారు కార్డు చూపితే వారి ఆప్తుల ప్రతిమ ఒక్కటి తెల్లగా మారుతుంది. 33 ఏళ్లు గడిచాక అస్థికలను అందరివాటితో కలిపేస్తారు.

ఈ పరిష్కారం అర్థవంతమైనదే గాని సంపూర్ణం కాదు. 1872లో మేజీ ప్రభుత్వం అర్చక భిక్షువుల వివాహానికి అనుమతించిన తరువాత ఆలయాధిపత్యం చాలాచోట్ల తండ్రి నుంచి కొడుక్కు సంక్రమిస్తూ వస్తున్నందున, పిల్లలు లేని గృహస్థుల కర్మ బాధ్యతను భుజాన వేసుకున్న ఆలయాలకు సైతం వారసుడెవరన్న ప్రశ్న ఎదురవుతున్నది.