గడప లేని గుమ్మం

మా ఇంటికి మొదటిసారి వచ్చినవాళ్ళు ముందుగదిలో అడుగుపెట్టగానే ఒకటే మాట అంటారు, "అబ్బ, ఈ అద్దం ఎక్కడిదండీ!" అని. నిజానికి వాళ్ళు మెచ్చుకునేది అద్దాన్ని కాదు, దాని చుట్టూ ఉన్న చెక్కడపు పనిని. అది మా తాతగారింట్లో దేవుడి గది గుమ్మం. ఆ ఇల్లు పడగొట్టేటప్పుడు లారీలో వేయించి హైదరాబాదు తెచ్చుకున్నాను. టేకు కర్ర. రెండు పక్కలా లతలు, పైన పద్మం. మధ్యలో నిలువెత్తు అద్దం బిగించాం. పాతవాటి విలువ తెలిసినదాన్ని సుమా అని నాకు లోలోపల బోలెడంత గర్వం.

ఆ గర్వానికి మొదటి దెబ్బ ఎక్కడో హవాయి దీవుల్లో తగిలింది.

తమ్ముడి దగ్గరికి అమెరికా వెళ్ళినప్పుడు వాడూ మరదలూ నన్ను హోనొలూలూ తీసుకెళ్ళారు. అందరూ సముద్రం చూడ్డానికి వెళతారు, నేనేమో ఒక ఇల్లు చూడాలన్నాను. దాని పేరు షాంగ్రి లా. హిల్టన్ అనే రచయిత 1933లో రాసిన నవలలోని స్వప్నలోకం పేరు అది. కట్టించుకున్నావిడ డోరిస్ డ్యూక్. పొగాకు వ్యాపారంలో కోట్లు గడించిన తండ్రి 1925లో పోతే, పన్నెండేళ్ళకే అంత ఆస్తికీ వారసురాలైంది. ప్రపంచంలోకెల్లా సంపన్నురాలైన పిల్ల అని పత్రికలు రాసేవట. ఎవరు ప్రేమతో వస్తున్నారో, ఎవరు డబ్బుకోసం వస్తున్నారో తెలియని బతుకు ఎలా ఉంటుందో ఆలోచించండి!

1935లో పెళ్ళయింది. హనీమూన్‌కి భర్తతో దేశదేశాలు తిరుగుతూ మన ఆగ్రా కూడా వచ్చింది. తాజ్‌మహల్ చూసి మనసు పారేసుకుంది. చూసినవాళ్ళమంతా మనసు పారేసుకుంటాం, ఒక బొమ్మ తాజ్‌మహల్ కొనుక్కుని రైలెక్కుతాం. ఆవిడ అలా కాదు. తన పడకగదికీ స్నానాల గదికీ పాలరాతి జాలీలు, ద్వారాలు, రంగురాళ్ళు పొదిగిన పూలపలకలు కావాలని ఆగ్రా పనివాళ్ళకే పురమాయించింది. హవాయి చేరాక డైమండ్ హెడ్ కొండ దగ్గర, సముద్రం ఒడ్డున, ఐదెకరాల స్థలం కొంది. 1937లో మొదలుపెట్టిన ఇల్లు 1938 చివరికి పూర్తయింది.

బయటినుంచి చూస్తే తెల్లటి ఉత్తి గోడలు. ఒక మర్రిచెట్టు, గుమ్మానికి అటూ ఇటూ రెండు రాతి ఒంటెలు. ఇంతేనా అనుకుంటూ లోపలికి అడుగుపెడితే మాట పడిపోతుంది. మధ్యలో చతురస్రపు ముంగిలి, గోడల నిండా నీలం, పసుపు, పచ్చ రంగుల ఇరాన్ పలకలు. కూర్చునే గదికి సముద్రం వైపు గోడంతా అద్దమే. మీట నొక్కితే అది నేలలోకి దిగిపోతుంది. ఇక గదికీ సముద్రానికీ మధ్య గాలి తప్ప మరేమీ ఉండదు. ఈతకొలను పక్కన ఇస్ఫహాన్‌లోని చెహెల్ సొతూన్‌ని తలపించే చిన్న మంటపం. చెహెల్ సొతూన్ అంటే నలభై స్తంభాలు. అసలు ఉన్నవి ఇరవయ్యే, మిగతా ఇరవై ముందున్న కొలనులో నీడలు!

నన్ను కట్టిపడేసింది మాత్రం మొగలాయి తోట. లాహోర్ షాలిమార్ లాంటి తోటల పద్ధతిలో వేసింది. నడుమ నిటారుగా సన్నటి కాలువ, అందులో చిమ్మనగ్రోవులు, అటూ ఇటూ దారులు, చెట్లు. నీళ్ళకి కరువున్న దేశాల్లో పుట్టిన తోటలు ఇవి. అందుకే ప్రతి చుక్కనీ చూసుకుని మురిసిపోయేలా కడతారు. స్వర్గంలో నీళ్ళు, పాలు, మధువు, తేనె ప్రవహించే నదులుంటాయని ఖురాన్ చెబుతుంది. నాలుగు భాగాల చార్‌బాగ్‌లో ఆ ఊహ ఉందంటారు. ఇంగ్లీషులో స్వర్గాన్ని పారడైజ్ అంటారు కదా, ఆ మాటకి మూలం పాత ఇరాన్ భాషలో 'చుట్టూ గోడ ఉన్నది' అని. అంటే స్వర్గానికి కూడా మొదట పుట్టింది ప్రహరీగోడేనన్నమాట! ఎవరో బయట ఉంటేగాని లోపలివాళ్ళకి స్వర్గం స్వర్గంలా ఉండదు కాబోలు.

నవ్వుకుంటూ మళ్ళీ లోపలికొచ్చాను. కూర్చునే గది అవతల ఒక మిహ్రాబ్ కనిపించింది. మసీదుల్లో మక్కా దిక్కు చూపించడానికి గోడలో కట్టే గూడు. దాదాపు పన్నెండడుగుల ఎత్తు. బంగారంలా మెరిసే పలకల మీద నీలి అక్షరాలు. 1265లో కాషాన్‌కి చెందిన అలీ ఇబ్న్ ముహమ్మద్ అనే కుమ్మరి చేసింది. ఇరాన్‌లో వరామీన్ అనే ఊళ్ళో ఇమాంజాదా యాహ్యా అని ఒక సమాధి మందిరం ఉంది. ఆ మందిరం గోడలోది ఇది. పంతొమ్మిదో శతాబ్దం ముగిసేలోపే అక్కణ్ణించి మాయమైంది. చేతులు మారి మారి, 1940లో ఒక పురాతన వస్తువుల వర్తకుడి ద్వారా ఈవిడకి చేరింది. ఆ మందిరం ఇప్పటికీ ఉంది. జనం ఇప్పటికీ వచ్చి మొక్కుకుంటారు. మిహ్రాబ్ ఉన్నచోట మాత్రం బోడి గోడ.

ఆరువందల ఏళ్ళు జనం దాని వైపు తిరిగి దణ్ణం పెట్టారు. ఇక్కడ అది ఒకావిడ ఇంట్లో గది అందం. నాకు ఒళ్ళు జలదరించింది.

తిరిగొచ్చేటప్పుడు మరదలితో అన్నాను, "ఎంత డబ్బుంటే మాత్రం దేవుడి గోడ కొనుక్కుంటారా?" అని.

"అదేంటి వదినా! ఆవిడ పీకి తెచ్చిందా? అప్పటికే బజార్లో ఉంది. ఆవిడ కొనకపోతే ఇంకెవరో కొందురు. పలక పలకా విడదీసి అమ్మేసేవాళ్ళేమో! ఈవిడ కాబట్టి ప్రేమగా చూసుకుంది."

అదీ నిజమే. ఆవిడ దాచుకుని కూర్చోలేదు కూడా. 1993లో పోతూ, ఇస్లామిక కళని జనం చూసేందుకూ చదువుకునేందుకూ ఈ ఇల్లు ఉపయోగపడాలని వీలునామా రాసింది. 2002 నుంచి అందరికీ తలుపులు తెరిచారు. అందుకేగా ఎక్కడో గోదావరి ఒడ్డున పుట్టిన నేను ఆ కాలువ పక్కన నడిచింది!

అయినా మనసు ఒప్పుకోలేదు. విమానంలో కూర్చుని లెక్కలు వేశాను. ఒక వస్తువు నాది అనడానికి ఏం కావాలి? డబ్బిచ్చాను అంటే, అమ్మినవాడిది అయి ఉండాలి కదా. కాపాడాను అంటే, కాపాడినవాడు దాచి ఉంచాలి గాని సొంతం చేసుకోవాలా? పక్కింటి పిల్ల బావిలో పడబోతుంటే పట్టుకున్నంత మాత్రాన మన పిల్ల అయిపోదు. ప్రేమించాను అంటే... ఇదే కష్టమైన ప్రశ్న. ప్రేమించడం హక్కు ఇస్తుందా, బాధ్యత ఇస్తుందా?

ఇంకో విచిత్రం తోచింది. ఆ ఇంట్లో నాకు ఏ మాత్రం బాధ కలిగించనివి నకళ్ళు. ఆగ్రా పాలరాళ్ళు కొత్తగా చెక్కించినవి, పనివాళ్ళకి కూలి దొరికింది, తాజ్‌మహల్లో ఒక్క పువ్వు తగ్గలేదు. మొగలాయి తోట వల్ల లాహోర్‌లో ఒక్క చిమ్మనగ్రోవి ఎండిపోలేదు. సమాధి మీది పూలని స్నానాల గదికి తేవడమేమిటని కాస్త నవ్వొస్తే వచ్చింది గాని, ఎవరి గోడా బోసిపోలేదు. మనం నకలుని చిన్నచూపు చూస్తాం, అసలుకి దండేస్తాం. అక్కడ తప్పులేనిది నకలు, ములుకులా గుచ్చుకున్నది అసలు! అందాన్ని నేర్చుకుని మళ్ళీ చేసుకుంటే అది ఇద్దరికీ దక్కుతుంది. పెకలించి తెచ్చుకుంటే ఒకరి దగ్గరే మిగులుతుంది.

ఇంతా ఆలోచించిన దాన్ని, ఇంటికొచ్చి అద్దంలో చూసుకుని బొట్టు పెట్టుకున్నాను. అప్పటికీ నాకు వెలగలేదు.

ఆర్నెల్ల తరవాత మా మేనత్త వచ్చింది. ఎనభై దాటాయి. ఆ ఇంట్లోనే పుట్టి, ఆ గుమ్మంలోంచే పెళ్ళికూతురై గౌరీపూజకి వెళ్ళిన మనిషి. వచ్చిన మర్నాడు శుక్రవారం. తెల్లారేసరికి స్నానం చేసి, పసుపు గిన్నె పుచ్చుకుని అద్దం ముందు వంగి నిలబడి ఉంది.

"ఏం వెతుకుతున్నావత్తయ్యా?"

"గడప ఏదే?"

గడప చెద తింది. అద్దం నేలదాకా రావాలని వడ్రంగి అడుగున కోసేశాడు. నేనే కోసెయ్యమన్నాను. ఆ మాట చెప్పడానికి నాకు గొంతు పెగల్లేదు.

"మరి పసుపు ఎక్కడ రాయనే?" అంది. కోపంగా కాదు, మామూలుగా అడిగింది. నా ముఖం చూసి మళ్ళీ తనే, "పోనీలే తల్లీ, పొయ్యిలో కట్టె కాకుండా తెచ్చావు. అదే పదివేలు" అంటూ పక్క కమ్మీకి ఇంత పసుపు అద్ది, చెయ్యి కడుక్కోడానికి వెళ్ళిపోయింది.

ఆవిడ ఆ రెండు మాటల్లో దేన్ని కాదనగలను? రెండూ నిజాలే. తెచ్చినందుకు పదివేలు. గడప కోసినందుకు? వరామీన్ ఆడవాళ్ళు ఎవరైనా ఆ సముద్రపొడ్డు ఇంటికి వచ్చి ఆ గూడు ముందు నిలబడితే, వాళ్ళూ కోప్పడకుండా ఇలాగే ఏదో ఒక చిన్న ప్రశ్న అడుగుతారేమో!

అద్దం ఇంకా తియ్యలేదు. ఇల్లు ఇరుకు, ఆ గుమ్మం నిలబెట్టే దేవుడి గది మాకు లేదు. కాని ఇప్పుడు ఎవరైనా "ఎక్కడిదండీ!" అని మెచ్చుకుంటే, "మా తాతగారింటి దేవుడి గదిది, గడప పోయింది" అని రెండో ముక్క కూడా చెబుతున్నాను. పక్క కమ్మీ మీది పసుపు మాత్రం తుడవనివ్వడం లేదు.