గాజుతొట్టిలో మత్స్యన్యాయము

శ్రీమన్నారాయణుని దశావతారములలో మొదటిది మత్స్యావతారము. జగద్రక్షకుడైన ఆ స్వామి చేపపిల్లయై వచ్చి, ఒక రాజును మొట్టమొదట అడిగినది తలదాచుకొనుటకింత చోటు. ఈ కథను పురాణ ప్రసంగములలో పలుమారులు చెప్పినవాడనే అయినను, దీని తాత్పర్యము మా యింటి గాజుసీసా ముందు కూర్చున్ననాడు గాని నాకు చక్కగా బోధపడలేదు.

మా మనుమడు బజారునుండి నాలుగు గప్పీ చేపలను తెచ్చెను. ఈ చిన్నచేపకు పుట్టినిల్లు ట్రినిడాడ్ ద్వీపమును, దక్షిణ అమెరికా ఈశాన్య ప్రాంతమును. ట్రినిడాడ్‌నుండి వీనిని లండనులోని బ్రిటిష్ మ్యూజియమునకు పంపిన రాబర్ట్ జాన్ లెచ్‌మియర్ గప్పీ పేర, 1866లో గుంథర్ అను శాస్త్రజ్ఞుడు దీనికి నామకరణము చేసెను. శాస్త్రలోకములో నేడు వేరొక పేరు చెల్లుచున్నను, వాడుకలో ఆ పేరే నిలిచినది. దోమపిల్లలను తినునను కారణముచే మన దేశమునను దీనిని బావులలో, కుంటలలో విడుచుచు వచ్చిరి. మోలీ, ప్లాటీ, స్వోర్డ్‌టెయిల్ అనునవి దీని జ్ఞాతులు. చేప అండజమని మనము చదువుకొన్నాము. వీనికిని గ్రుడ్డు కలదు. కాని అది తల్లి కడుపులోనే పక్వమగును. ఇంచుమించు నాలుగు వారములు మోసి, పుట్టగనే ఈదగల పిల్లలను ఈ చేప కనును.

ఒకనాటి ఉదయమున ఆడుచేప ఈనినది. బియ్యపుగింజలంతటి పిల్లలు రెండు డజన్లకు పైగా కనబడెను. మనుమడు ఆనందముతో కేకవేయగా నేనును వెళ్లి చూచితిని. మేము చూచుచుండగనే తల్లి వెనుదిరిగి రెండు పిల్లలను మ్రింగెను. సాయంకాలమునకు మిగిలినవి మూడే. బాలుడు కంట నీరు పెట్టుకొని, "తాతయ్యా! కన్నతల్లే తింటే ఆ పాపం ఎవరిది?" అని అడిగెను.

నేను పండితుడనను ధీమాతో, "నాయనా, దీనినే మత్స్యన్యాయమంటారు. పెద్దచేప చిన్నచేపను తినడం లోకసహజం" అని చెప్పి ఊరకుంటిని. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. బాలునకు నేను శాస్త్రములో సగమే చెప్పితిని. మత్స్యన్యాయమను మాటను మన పెద్దలు చేపలను నిందించుటకు వాడలేదు. దండధరుడైన రాజు లేనిచోట బలవంతుడు బలహీనుని కబళించునని కౌటిల్యుని అర్థశాస్త్రము చెప్పును. ఆ దోషము రక్షింపవలసిన రాజునకు చెందును. మరి ఆ గాజుసీసాకు రాజెవడు? నీరు మేము పోసినది, మేత మేము వేసినది, ఎల్లలు మేము గీసినవి. ఏటిలోనైనచో పుట్టిన పిల్ల నాచులో దూరును, లోతులేని గట్టువారకు పోవును. మా సీసాలో దాగుటకు ఒక ఆకైనను లేదు. తిర్యక్కులకు విధినిషేధములు లేవు, మనకు కలవు. తెల్లవారగనే మనుమని పిలిచి, "ఆ పాపం చేపది కాదు నాయనా, మనది. అందులోనూ పెద్దవాడిని గనుక నాది ఎక్కువ" అని చెప్పితిని.

ఇక శ్రీమద్భాగవత కథను స్మరింతము. ద్రవిడదేశాధిపతియైన సత్యవ్రతుడు కృతమాలానదిలో తర్పణము చేయుచుండగా దోసిటిలోనికి చిన్నచేప వచ్చెను. ఆయన దానిని ఏటిలోనికే విడిచెను. అప్పుడా చేప, స్వజాతినే చంపు జలచరముల వలన తనకు భయమని మొరపెట్టుకొనెను. మా సీసాలోని పిల్లల భయమును ఇదియే. రాజు దానిని కలశములో నుంచెను. అది చాలలేదు, పెద్దబానలోనికి, పిదప సరస్సులోనికి మార్చెను. చేప పెరిగినకొలది ఆయన పాత్రను పెంచెనే గాని, పాత్రకు సరిపడునట్లు చేపను ఉండుమనలేదు. కడపట సముద్రమున విడువబోగా, ఇచటి మకరములు నన్ను తినును, విడువవద్దని ఆ చేప పలికెను. శరణాగతుని ఎక్కడనో విడిచి చేతులు కడుగుకొనుట రక్షణ కాజాలదని భావము.

ఇచట కొందరు, "చేపలను బంధించుటయే తప్పు, కోనేటిలో విడిచినచో పుణ్యము గదా" యని పూర్వపక్షము చేయవచ్చును. వేడుకకై క్రొత్తగా తెచ్చుకొనవలదనుట యుక్తమే. కాని తరతరములుగా తొట్లలో పుట్టి పెరిగిన చేపను కోనేట విడిచినచో, అది బ్రతికి విస్తరించినను అచటి చేపల మేతకును పిల్లలకును హాని. బ్రతకనిచో దానికే హాని. కనుక చేపట్టినవాడు కడదాక పోషింపవలెను.

పెంపకమున మరియొక ధర్మసంకటము కలదు. పొడవైన తోకలకై, వింతరంగులకై ఎంచి ఎంచి జతకూర్చువారు, వన్నె తక్కువైన పిల్లలను మురుగుకాలువలో పారబోయుట కలదు. మన సంకల్పముచే పుట్టిన ప్రాణిని అందము చాలదని త్రోసివేయుట ఏ ధర్మము? సర్వజీవులును భగవంతునికి శేషభూతులని మన సిద్ధాంతము. స్వామి సొత్తునకు మనము కావలివారమే. వన్నె చూచి ఉంచుటకును పారవేయుటకును మనకు అధికారము లేదు.

మేము పెద్దతొట్టి కొని, నీటినాచు దట్టముగా వేసితిమి. కుళాయినీటిలోని క్లోరిన్ పోవుటకు ఒకనాడు వెడల్పు పాత్రలో నిలువయుంచి, వారమునకొకసారి నాలుగవవంతు నీటినే మార్చుచుంటిమి. మరుసటి ఈతలో పదునొకండు పిల్లలు దక్కెను. సంతతి మితిమీరకుండుటకు ఆడువానిని, మగవానిని వేరుచేసితిమి. అయినను ఆడుచేప మరి రెండుమారులు ఈనెను. ఒకసారి కలిసిన మగచేప బీజమును నెలల తరబడి తనలో దాచుకొను శక్తి దానికి కలదట! చేసిన పని ఫలమును ఆపుట మన చేతిలో లేదని బాలునకు వేరుగా చెప్పవలసిన పని లేకపోయెను. మిగిలిన పిల్లలను అడిగినవారికి, వారి యింట తగిన తొట్టి యున్నదని చూచిన పిదపనే ఇచ్చితిమి.

నాగలాపురమున శ్రీవేదనారాయణస్వామి మత్స్యరూపుడై వెలసియున్నాడు. ఆ సన్నిధిని సాష్టాంగపడు భక్తులు, తమ యింట చేపలతొట్టి యున్నచో తిరిగి వచ్చి దానినొకమారు చూడవలెను. అందు దాగుటకు చోటున్నదా? నీరు నిర్మలముగా నున్నదా? పుట్టినవానికెల్ల తావున్నదా? దోసిటిలోని చిన్నచేపను కాపాడిన సత్యవ్రతుని బుద్ధిని ఆ స్వామి మనకెల్లరకు అనుగ్రహించుగాక!