పట్టి వదిలిన చేప

మన సంఘం వనభోజనాలలో నేను శాకాహారుల వరసలో కూర్చోవడం చూసినవారికి ఈ వ్యాసం కొంత వింతగా తోచవచ్చు. మూడేళ్ళుగా, డ్యూటీ లేని ఆదివారాల్లో, నేను మైన్ నదికి చేపలు పట్టడానికి వెళుతున్నాను. ఈ సంగతి దాచలేదు, అలాగని చాటుకోనూ లేదు. ఇప్పుడు నలుగురి ముందూ పెట్టడానికి కారణం, కిందటి వేసవిలో మా అమ్మాయి వేసిన ప్రశ్న.

నేను పుట్టి పెరిగింది గోదావరి కాలువ గట్టున. బడి వదలగానే వెదురు కర్ర, నైలాను దారం, జీలుగు బెండు, పెంటకుప్ప పక్కన తవ్విన ఎర్రలు, ఇంతే మా సరంజామా. జెల్లలు, పరిగెలు, అదృష్టం బాగుంటే ఒక మట్టగిడస. కొరమీను పడిన రోజున వీధి వీధంతా తెలిసిపోయేది. పట్టిన చేపను తిరిగి నీళ్ళలో వదలడమన్న మాట మాలో ఎవరూ ఎరగరు. వేలెడంత పరిగె కూడా పులుసులోకే పోయేది. తప్పొప్పుల ఆలోచన ఎవరికీ రాలేదు.

కాకినాడలో వైద్యం చదివి, ఇక్కడికి వచ్చి, పెళ్ళయ్యాక చేప మానేశాను. మా ఆవిడది శాకాహారుల ఇల్లు. ఆమె మానమని ఎన్నడూ అనలేదు. వంటింట్లోకి మాత్రం రాకూడదన్నది. నేను స్వతహాగా బద్ధకస్తుణ్ణి కనుక పూర్తిగా మానేశాను. అది వ్రతం కాదు, సౌకర్యం.

మళ్ళీ గాలం పట్టించినవాడు మా ఆసుపత్రిలో మత్తు ఇచ్చే డాక్టరు. జర్మను, నాకంటే పదిహేనేళ్ళు పెద్ద. ఈ దేశంలో గాలం వేయాలంటే ముందు పరీక్ష ప్యాసు కావాలని ఆయన చెబితే హాస్యమనుకున్నాను. కాదు. చేపల శరీర నిర్మాణం, రోగాలు, నీటి గుణాలు, చట్టం, చేపను నొప్పి లేకుండా చంపే పద్ధతి, వీటన్నిటి మీదా ప్రశ్నలుంటాయి. ఆ తర్వాత ఫిషెరైషైన్ అనే లైసెన్సు, ఆపైన ఆ నీటి మీద హక్కున్న వారి దగ్గర వేరే చీటీ. ఇక్కడి వైద్య లైసెన్సు కోసం పడిన పాట్లు ఇంకా మరిచిపోని నాకు ఇది రెండో జన్మలా అనిపించింది.

మైన్‌లో మేము ఎక్కువగా వెళ్ళేది బార్ష్ అనే చేప కోసం. ఆకుపచ్చ ఒంటి మీద నల్లటి అడ్డచారలు, పొట్ట కింద ఎర్రటి రెక్కలు, వీపు మీద ముళ్ళు. అమెరికాలో మన బంధువులు కొందరు సరదాపడే బాస్ దీనికి దూరపు చుట్టం మాత్రమే, కుటుంబం వేరు. ఆ బాస్‌ను కూడా 1880లలో మాక్స్ ఫన్ డెమ్ బోర్నె అనే ఆయన తెప్పించి జర్మనీ చెరువుల్లో వేశాడు గాని అది ఇక్కడ పెద్దగా నిలదొక్కుకోలేదు. మన పండుగప్పదీ ఇదే తీరు: మాటు వేసి, చిన్న చేప మీద ఒక్క ఉదుటున దూకడం. 1992లో మైన్, డాన్యూబ్ నదులను కలిపే కాలువ పూర్తయ్యాక నల్లసముద్రం వైపు నుంచి గోబీలనే చిన్న చేపలు ఇటు వచ్చి స్థిరపడ్డాయి. బార్ష్‌కు ఇప్పుడవే విందు.

సరంజామా గురించి కొంచెం చెప్పాలి, ఎందుకంటే నా సందేహం అందులోనే మొదలైంది. కర్ర ఏడడుగులది, కొన మెత్తనిది. దారం అల్లినది, మిల్లీమీటరులో పదో వంతు మందం. దాని చివర నీటిలో కనపడని ఫ్లోరోకార్బన్ ముక్క. ఎర వానపాము కాదు, రెండంగుళాల రబ్బరు చేప. దాన్ని అయిదు నుంచి పది గ్రాముల సీసపు తల ఉన్న గాలానికి గుచ్చి అడుగుకు దింపి, కర్రను చిన్నగా కుదిపితే ఎగురుతుంది, మళ్ళీ కూలుతుంది. డ్రాప్ షాట్ అనే ఇంకో పద్ధతిలో బరువు అట్టడుగున, గాలం దానికి జానెడు పైన. రబ్బరు చేప ఉన్నచోటనే వణుకుతూ ఉంటుంది. ఎక్కువసార్లు బార్ష్ దాన్ని పట్టేది కూలేటప్పుడే, ఓపిక లేక పడిపోతున్నట్టు కనపడినప్పుడు. అంటే మేము నీళ్ళలో నటించేది ఆరోగ్యమైన చేపను కాదు, జబ్బుపడిన చేపను. వారమంతా రోగులను చూసి, ఆదివారం నాడు రోగి వేషం కట్టించి ఇంకొక ప్రాణిని మోసం చేస్తున్నానన్న ఊహ నాకు రాకపోలేదు. రాగానే తోసేశాను. ఆట అంత రుచిగా ఉంటుంది. దారం మీద ఆ చిన్న ‘టక్’ వేలికి తగిలినప్పుడు ఒళ్ళంతా మేల్కొంటుంది. నేను వెళ్ళేది దానికోసమే. ఇందులో బొంకడానికేమీ లేదు.

కిందటి జూలైలో మా అమ్మాయిని వెంట తీసుకెళ్ళాను. దానికి ఎనిమిదేళ్ళు. హోక్స్ట్ దగ్గర, నిడ్డా వచ్చి మైన్‌లో కలిసేచోట, తెల్లవారుజామున నా గాలానికి పెద్ద బార్ష్ పడింది. మూరకు కొంచెం తక్కువ. చేతులు తడిపి పట్టుకున్నాను, లేకపోతే ఒంటి మీది జిగురు పొర ఊడుతుంది. నా గాలాలకు వెనకముల్లు ఉండదు, శ్రావణంతో నొక్కేస్తాను. క్షణంలో గాలం తీసి, అమ్మాయికి చూపించి, నీళ్ళలో వదిలాను. ఒక ప్రాణికి ప్రాణదానం చేసినవాడి ముఖం ఎలా ఉంటుందో నా ముఖం అలాగే ఉండి ఉంటుంది.

“నాన్నా, వదిలేసేట్టయితే ఎందుకు పట్టుకున్నాం?”

“ఆట కోసం తల్లీ.”

“అది ఆటని చేపకి తెలుసా?”

నా మిత్రుడికి తెలుగు రాదు. ఏమన్నదని అడిగితే చెప్పాను. ఆయన నవ్వలేదు. తాను పట్టిన రెండు చేపలనూ అప్పటికే తలమీద కొట్టి స్పృహ పోగొట్టి, గుండె దగ్గర కత్తితో పొడిచి, తడిగుడ్డలో చుట్టి ఉంచాడు. తిరిగి వచ్చేటప్పుడు కారులో మాత్రం అన్నాడు: “చట్టం కూడా నీ కూతురి వైపే ఉంది.”

ఆ చట్టం పేరు టియర్‌షుట్స్ గెజెట్స్, 1972 నాటి జంతు సంరక్షణ చట్టం. సహేతుకమైన కారణం లేకుండా ఎవరూ ఏ జంతువుకూ నొప్పిగాని, బాధగాని, హానిగాని కలిగించరాదని దాని మొదటి సెక్షను. 2002లో జంతు సంరక్షణను రాజ్యాంగంలోకే ఎక్కించారు. చేపకు ఈ లెక్కన సహేతుకమైన కారణం ఏమిటి? తినడం. లేదా నీటిలోని చేపల సంఖ్యను సరిచూసుకోవడం. చిన్నదైతే, గుడ్లు పెట్టే కాలమైతే వదలాలి, అది వేరు. మొదటినుంచీ వదిలేసే ఉద్దేశంతోనే పట్టడం మాత్రం ఈ దేశంలో నేరం కిందికి రావచ్చు. 2008లో స్విట్జర్లాండువారు తమ నియమావళిలో ఆ మాటే స్పష్టంగా రాశారు. నేను చదివి ప్యాసయిన పాఠంలో ఇదంతా ఉన్నదే. జవాబు సరిగా గుర్తుపెట్టి మార్కు తెచ్చుకున్నాను, అంతే.

నాకు రోషం వచ్చింది. చంపినవాడు నిర్దోషి, వదిలినవాడు దోషా? పంజరంలోని పక్షిని కొని ఎగరేస్తే పుణ్యమని విని పెరిగినవాళ్ళం మనం. ఆ పక్షిని ముందు పట్టి పంజరంలో పెట్టినవాడు మనమే అయితే ఏమిటన్నది ఆ కథలో లేదు.

అమెరికావారు ఈ వదిలే పద్ధతికే పెద్ద పీట వేశారు. బీమా ఏజెంటుగా పనిచేసిన రే స్కాట్ 1967లో బాస్ పోటీలు మొదలుపెట్టి, 1972 నుంచి పట్టిన చేపలను బతికించి వదిలే నియమం తెచ్చాడు. పడవల్లో గాలి ఆడే నీటితొట్లు పెట్టించాడు. దానివల్ల చెరువులు ఖాళీ కాకుండా నిలిచాయని అక్కడివారంటారు, అది తోసిపుచ్చవలసిన మాట కాదు. పెద్ద ఆడచేప పెట్టే గుడ్లు చిన్నవాటికంటే ఎన్నో రెట్లు. దాన్ని వదలడంలో లెక్క ఉంది. అయితే 1932లో జార్జియాలో జార్జ్ పెర్రీ పట్టిన ఇరవైరెండు పౌన్ల పైచిలుకు బాస్, ఈనాటికీ రికార్డుల్లో మొదటి వరసలో ఉన్న చేప, వాళ్ళింట్లో కూరైపోయింది. ఆర్థికమాంద్యం రోజులు. దాని సరిజోడు 2009లో జపానులోని బివా సరస్సులో పడింది; బాస్ బయటినుంచి వచ్చి స్థానికపు చేపలను తినేస్తున్నదని అక్కడ 2003 నుంచి దాన్ని తిరిగి వదలడమే నిషేధం. ఒకచోట ధర్మమైనది ఇంకొకచోట నేరం. ఇది చూసి, ధర్మమంటే దేశాచారమే కదా అని తప్పించుకుందామనుకున్నాను.

కాని నేను వైద్యుణ్ణి, నొప్పి నా వృత్తి. 2003లో ఎడిన్‌బరో దగ్గర లిన్ స్నెడ్డన్ బృందం ట్రౌట్ చేపల మూతి చుట్టూ నొప్పిని గ్రహించే నాడీకొసలున్నట్టు చూపింది. పెదవిలోకి ఆమ్లం ఎక్కిస్తే ఆ చేపలు తిండి మాని, పెదవులను గులకరాళ్ళకు రాసుకున్నాయి. మార్ఫిను ఇస్తే ఆ తీరు తగ్గింది. మెదడులో మనకున్నలాంటి పైపొర లేదు కనుక అది బాధ కాదు, ప్రతిక్రియ మాత్రమేనని వాదించిన పండితులున్నారు. ఉండవచ్చు. అయితే ఇలాంటి వాదం మా వృత్తిలో ఒకసారి విన్నాం. 1980ల దాకా నెలలు నిండని పసికందులకు ఆపరేషన్లు చాలాచోట్ల సరైన మత్తు లేకుండానే చేసేవారు, వాళ్ళ నాడీమండలం ఇంకా ఎదగలేదు, నొప్పి తెలియదని. 1987లో ఆక్స్‌ఫర్డ్‌లో ఆనంద్ అనే మన దేశపు వైద్యుడు, ఆయన సహచరులు, మత్తు సరిగా ఇచ్చిన పిల్లలు మెరుగ్గా కోలుకుంటారని నిరూపించాక గాని ఆ నమ్మకం కదలలేదు. మాట్లాడలేని ప్రాణి విషయంలో ‘దానికి తెలియదులే’ అనడం ఎవరికి సుఖమో ఆలోచిస్తే నాకు భయం వేస్తుంది.

నేను పిల్లలకు సూది వేస్తాను. పిల్లకు అది ఎందుకో తెలియదు. అయినా నొప్పి ఎవరిదో లాభమూ వారిదే. చేప దగ్గర నొప్పి దానిది, లాభం నాది. తిన్నా అంతే కదా అంటారు. అవును, అంతే. భారతంలో ధర్మవ్యాధుడు మాంసం అమ్ముతూ, తాను చంపనని, తిననని చెబుతూనే, నాగలి దున్నినా ప్రాణులు పోతాయని ఒప్పుకుంటాడు. చేతికి నెత్తురు అంటని బతుకు నేను చూపలేను. నా మిత్రుడికి కూడా చేప బజారులో దొరుకుతుంది. అతడు నదికి వచ్చేది ఆ ‘టక్’ కోసమే. తినడం కొంతవరకు సాకే.

అయినా ఆ సాకులో ఒక గుణముంది. కడుపుకు హద్దు ఉంది. అతడు రెండు చేపలు కాగానే కర్ర మడిచేస్తాడు, ఎంత బాగా పడుతున్నా సరే. నేనో? వదిలేస్తున్నాను కదా అన్న ధీమాతో ఒక ఉదయం పదిహేడు పట్టాను. అవి పదిహేడూ బతికే ఉన్నాయని నా లెక్క. లోతైన చెరువుల్లోంచి పైకి లాగిన బార్ష్‌కు గాలితిత్తి ఉబ్బిపోయి, వదిలినా వెల్లకిలా తేలుతుందని చదివి ఉన్నవాణ్ణి. మైన్ అంత లోతు కాదులే అని సర్దిచెప్పుకున్నాను. నా దయ నన్ను ఆపలేదు, పైగా ఇంకా వేయమన్నది.

ఇంట్లో చర్చ జరిగింది. మా ఆవిడ అంతా విని, “మానేస్తే పోలేదాండీ?” అన్నది. అది అన్నిటికంటే సూటి అయిన సలహా. నేను తీసుకోలేదు. బాల్కనీలో కరెంటు పొయ్యి, దానికి వేరే మూకుడు, వేరే గరిటె, నేనే కడుక్కోవాలన్న షరతు మీద ఒప్పుకున్నది. తినదలచుకోని రోజున వెళ్ళకూడదు, రెండు పడితే లేవాలి. అందువల్ల వనభోజనాలలో ఇకమీదట నన్ను ఏ వరసలో కూర్చోబెట్టాలో కార్యదర్శిగారే తేల్చాలి.

ఈ కట్టడి పెట్టుకున్నాక మూడుసార్లు వెళ్ళాను. ఒకసారి ఒకటి పడింది. మిత్రుడు చూపినట్టు తలమీద కొట్టేటప్పుడు చెయ్యి వణికింది, ఎన్నో ఆపరేషన్లకు చేయందించిన చెయ్యే. పసుపు, ఉప్పు, కారం పట్టించి వేయించుకున్నాను. చిన్ననాటి రుచి రాలేదు. అమ్మాయి తలుపు దగ్గర నిలబడి చూసింది, తినలేదు. మిగతా రెండుసార్లూ ఖాళీ చేతులతో వచ్చాను. ఆ రెండు రోజులూ ఇంట్లో అందరికీ సంతోషమే, నాకు తప్ప.