పాట వారిది, మాట మనది



మన విశ్వాసమునకు చెందని సంగీత కచేరీకి పాత స్నేహితుడు ఒకడు రమ్మని పిలిస్తే వెళ్లవచ్చునా? వెళ్తే అక్కడ మనము ఎలా కూర్చోవలెను? తరతరాలుగా తమిళుల మధ్య, కన్నడిగుల మధ్య, ఒడియావారి మధ్య, మరాఠీల మధ్య కాపురమున్న మనకు ఇది పుస్తకాలలోని ప్రశ్న కాదు. పిలిచేవాడు మనతో ముప్పై ఏళ్లు ఉద్యోగము చేసినవాడు. మన ఇంట చావు వచ్చిన రోజున పిలవకుండానే వచ్చి భుజము పట్టినవాడు.

వెళ్లకూడదని చెప్పే పెద్దలు మన సంఘాలలో ఉన్నారు. వారి మాటను మేము తేలికగా తీసివేయము. కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రిక 8, 10 అధ్యాయాలలో పౌలు ఇటువంటి చిక్కునే విచారించాడు. మన స్వేచ్ఛ వలన బలహీనుడైన సహోదరుడు తొట్రిల్లకూడదన్న మాట ఈనాటికీ నిలిచియున్నది. అయితే ఇంకొక సంగతి కూడా ఆలోచించవలెను. క్రిస్మసు కూటాలకు మన పొరుగువారు వచ్చి వెనుక కుర్చీలలో కూర్చుని మన పాటలు వింటారు. వారిని వేషధారులని మనము అనము, మర్యాద తెలిసినవారని సంతోషిస్తాము. ఆ కొలతనే మన విషయములోనూ వాడుకొనుట న్యాయము. వినుట వేరు, ఆరాధించుట వేరు. హృదయము నమ్మని దానిని పెదవులతో పలకకూడదు. అంతేగాని చెవులు మూసుకొనవలసిన పని లేదు.

ఈ ఆలోచన మాకు ఊరకే పుట్టలేదు. కొన్ని సంవత్సరాల క్రితము మా తమిళ స్నేహితునితో కలిసి తంజావూరు జిల్లాలోని తిరువయ్యారుకు వెళ్లాము. పుష్య బహుళ పంచమినాడు అక్కడ కావేరి ఒడ్డున త్యాగరాజు ఆరాధన జరుగుతుంది. టిక్కెట్టు లేదు, పందిరి కింద వందలాది గాయకులు నేలమీద వరుసలుగా కూర్చుని ఆయన పంచరత్న కృతులను ఒకే గొంతుగా పాడుతారు. త్యాగరాజు (1767–1847) కాకర్లవారి ఇంటి బిడ్డ. తమిళ దేశములో స్థిరపడిన తెలుగు కుటుంబము అది. ఆ సంగతిలో మనవంటివారే. ఆ సమాధి మీద మందిరము కట్టించినది బెంగుళూరు నాగరత్నమ్మ (1878–1952). స్త్రీలకు అక్కడ పాడే అవకాశము లేని రోజులలో ఆమె తన సొమ్ము పెట్టి ఆ పని చేసింది.

మా స్నేహితుని చేతిలో తమిళ లిపిలో అచ్చయిన కృతుల పుస్తకము ఉన్నది. తమిళములో క, ఖ, గ, ఘ నాలుగింటికీ ఒకే అక్షరము గనుక, భేదము తెలియుటకు అక్షరాల పక్కన చిన్న చిన్న అంకెలు వేసియున్నారు. ఆ అంకెలను పట్టుకొని ఆయన యాభై ఏళ్లుగా తెలుగు పాడుతున్నాడు. తెలుగు మాత్రము రాదు. మాకు తెలుగు వచ్చును, ఆ సంగీతము రాదు. మేము పక్కన మౌనముగా కూర్చుని విన్నాము. చేతులు జోడించలేదేమని ఆయన అడుగలేదు. మేము ఎవరమో ఆయనకు తెలుసు.

పాడుట ముగిసిన తరువాత ఆయన, “రెండవ కృతి ఉన్నదే, గౌళ రాగములోనిది, ‘దుడుకుగల’ అంటే ఏమిటి?” అని అడిగాడు. దుడుకుతనమంటే వెనుకముందు చూడని పొగరని, ఆ కృతిలో కవి తన తప్పులు తానే ఒప్పుకుంటున్నాడని, స్త్రీల కొరకు, ఆస్తి కొరకు, బిడ్డల కొరకు రోజులు పాడుచేసుకొంటినని చెప్పుకొని రామునితో మొరపెట్టుకుంటున్నాడని ఉన్నది ఉన్నట్లు చెప్పాము. ఆయన చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తరువాత, “యాభై ఏళ్లుగా నా తప్పులే నేను పాడుకుంటున్నానన్నమాట” అన్నాడు.

అర్థము చెప్పేవానికి ఆ క్షణములో రెండు శోధనలు ఉంటాయి. మొదటిది, మనకు నచ్చని మాటను తగ్గించి చెప్పుట, లేదా దాటివేయుట. రెండవది, ఆ మాటను మెల్లగా మన ప్రసంగములోనికి వంచుకొనుట. రెండూ అబద్ధ సాక్ష్యమే. నిర్గమకాండము 20వ అధ్యాయములోని ఆజ్ఞ న్యాయస్థానానికి మాత్రమే పరిమితమని ఎవరు చెప్పగలరు? స్నేహితునికి తెలియని భాష మన చేతిలో ఉన్నప్పుడు ఆయన మన మాటను సరిచూసుకొనలేడు, నమ్మి ఊరకుంటాడు. ఆ నమ్మకమును మోసగించినవాడు తన సొంత విశ్వాసమును గూర్చి చెప్పే మాటను మాత్రము ఎవరు నమ్ముతారు? ముందు ఆయన పాటను ఆయనకు పూర్తిగా అప్పగించవలెను. మన నిరీక్షణను గూర్చి ఆయన అడిగినప్పుడు, అది మనదని చెప్పి చెప్పవలెను. ఈ వరుస తప్పకూడదు.

ఇందులో మన ఇంటి సంగతి కూడా ఉన్నది. ఆంధ్ర క్రైస్తవ కీర్తనలలో రాగము, తాళము పేర్లు అచ్చయియుండుట మనమందరమూ చూచినదే. పర్లాకిమిడి ప్రాంతములో పుట్టిన పురుషోత్తమ చౌదరి (1803–1890) వంటి భక్తులు, తెలుగువారికి అలవాటైన రాగాలలోనే మనకు కీర్తనలు కూర్చి ఇచ్చారు. ఈనాడు మన పిల్లలలో ఎందరో ఆ కీర్తనలను తమిళ, కన్నడ, ఒడియా అక్షరాలలో వ్రాసుకొని పాడుతున్నారు. రాగము తప్పదు, తాళము తప్పదు; అర్థము మాత్రము తెలియదు. మా స్నేహితునిది ఏ స్థితియో మన బిడ్డలదీ అదే స్థితి. ఆయన యాభై ఏళ్ల తరువాతనైనా అడిగాడు. మన బిడ్డలు అడుగుట లేదంటే, అడిగితే చెప్పేవారు ఉన్నారని వారికి తెలియకపోవుటయే కారణము కావచ్చును.

కాబట్టి మా మనవి ఇది. పొరుగువాడు తన పాటకు అర్థము అడిగితే నిజాయితీగా చెప్పండి. అలాగే వచ్చే ఆదివారము కీర్తన ఎత్తుకొనక ముందు అందులోని ఒక్క కష్టమైన మాటను పిల్లలకు విప్పి చెప్పండి. ఒక్క నిమిషము పడుతుంది. భాషను మోసుకొని ఇంత దూరము వచ్చిన మన పెద్దలకు మనము తీర్చగల ఋణము అది.