పదివేల ఏళ్ళ నాటి అప్పు

ఈ సంచికకి ఆరోగ్యం గురించి నాలుగు మాటలు రాయమని సంపాదకులు అడిగారు. అరిసెలు తక్కువ తినమని రాద్దామనే కూర్చున్నాను. కానీ పోయిన నెల మన గుడి ఆదివారం తరగతిలో జరిగిన ఒక సంగతి నన్ను వదలడం లేదు. ఈసారికి షుగరు సంగతి పక్కన పెట్టి అదే రాస్తున్నాను, మన్నించాలి.

పిల్లలకి సంక్రాంతి గురించి చెబుతున్నాను. పంట ఇంటికొచ్చే పండుగ, రైతుకీ పశువుకీ సూర్యుడికీ దణ్ణం పెట్టుకునే పండుగ అని మామూలుగా చెప్పేదే. హైస్కూలు ఆఖరి ఏడాదిలో ఉన్న ఒక అబ్బాయి చెయ్యెత్తాడు. "ఆంటీ, వ్యవసాయం మనుషులు చేసిన అతి పెద్ద తప్పు అని మా క్లాసులో ఒక వ్యాసం చదివాం. తప్పుకి పండుగ చేసుకుంటామా?" అన్నాడు. పెంకితనంతో కాదు, నిజంగా తెలుసుకోవాలనే అడిగాడు. "వచ్చే వారం చెబుతాను నాన్నా" అని తప్పించుకున్నాను.

ఆ వ్యాసం నాకు తెలుసు. జారెడ్ డైమండ్ అనే శాస్త్రవేత్త 1987లో 'డిస్కవర్' పత్రికలో రాశారు. అందులో ముఖ్యమైన సాక్ష్యం మనం ఉంటున్న ఇల్లినాయ్ రాష్ట్రంలోదే. చికాగో నుండి కారులో నాలుగు గంటల లోపు దూరంలో డిక్సన్ మౌండ్స్ అనే చోట ఇక్కడి ఆదివాసుల పాత సమాధులు ఉన్నాయి. సుమారు తొమ్మిది వందల ఏళ్ళ క్రితం ఆ జనం వేట తగ్గించి మొక్కజొన్న మీద ఆధారపడ్డారు. ముందు కాలపు ఎముకలనూ తరువాతి కాలపు ఎముకలనూ పరిశోధకులు పోల్చి చూస్తే, రక్తహీనత గుర్తులు నాలుగింతలు, అంటురోగాల వల్ల ఎముకకి పట్టిన మచ్చలు మూడింతలు పెరిగాయి. పంట వచ్చింది, ఒళ్ళు చెడింది.

ఇంకా పాత సాక్ష్యం సిరియాలోది. యూఫ్రటీసు నది ఒడ్డున అబూ హురేరా అనే ఊరిని 1972, 73లలో తవ్వారు. తరువాత అది ఆనకట్ట నీళ్ళలో మునిగిపోయింది. లోకంలో మొదట గోధుమలు, బార్లీ పండించిన ప్రాంతం అదే, పదివేల ఏళ్ళ నాటి మాట. అక్కడి ఎముకలను థియా మాలెసన్ అనే ఆవిడ పరీక్షించారు. చాలామంది ఆడవాళ్ళకి కాలి బొటనవేలి కీలు అరిగిపోయింది, మోకాళ్ళు దెబ్బతిన్నాయి, నడుము దగ్గర వెన్నుపూసలు నలిగాయి. మోకాళ్ళ మీద కూర్చుని, కాలివేళ్ళు వెనక్కి మడిచి, రాతిపలక మీద రోజూ గంటల కొద్దీ గింజలు నూరడం వల్ల వచ్చిన జబ్బు అది. మా అమ్మమ్మ ఇసుర్రాయి ముందు కాళ్ళు చాపుకుని కూర్చునేది కాబట్టి ఆమె బొటనవేలు బాగానే ఉండేది. నడుము మాత్రం అంతే. ఆ ఫొటోలు చూసినప్పుడు నాకు అమ్మమ్మే గుర్తొచ్చింది.

అయితే ఒక మాట చెప్పాలి. ఎముక మీద మచ్చ ఉందంటే ఆ మనిషి ఆ జబ్బుతో కొంతకాలం బతికాడని కూడా అర్థం. వెంటనే చనిపోయినవాడి ఎముక నున్నగా ఉంటుంది. 1992లో కొందరు పండితులు ఈ చిక్కునే ఎత్తి చూపారు. అందుకని డైమండ్ గారి లెక్కని నేను పూర్తిగా ఒప్పుకోను. అలాగని కొట్టిపారెయ్యలేను కూడా.

మరి ఇంత కష్టమైతే వాళ్ళు వెనక్కి ఎందుకు పోలేదు? దీనికి జవాబు ప్రసూతి వార్డులో దొరుకుతుంది. బిడ్డ పాలు తాగుతున్నంత కాలం తల్లికి మళ్ళీ నెల నిలవడం ఆలస్యమవుతుంది. సంచారం చేసే జనంలో కాన్పుకీ కాన్పుకీ మూడు నాలుగేళ్ళ ఎడం ఉంటుంది. గింజలొచ్చాక జావ వచ్చింది. జావ తాగే బిడ్డకి తల్లిపాలు తొందరగా మాన్పించవచ్చు, ఆ వెంటనే ఇంకో బిడ్డ. పిల్లలు ఎక్కువ పుట్టారు, ఎక్కువ పోయారు, ఎక్కువ మిగిలారు కూడా. అంతమందికి అడవి చాలదు. గింజ కూడా మారిపోయింది. అడవి గోధుమ పండగానే తనంతట తనే రాలుతుంది. మనిషి కోసి తెచ్చి మళ్ళీ విత్తగా విత్తగా, వందల తరాలకి వెన్నుని వదలని గోధుమ మిగిలింది. అది మనిషి లేకపోతే మొలవదు. ఇద్దరికీ వెనక్కి దారి మూసుకుపోయింది. ఎవరూ ఒకనాడు కూర్చుని వ్యవసాయం చేద్దామని తీర్మానించలేదు. ప్రతి తల్లీ ఆ పూట బిడ్డకి ఇంత జావ పోసింది, అంతే. దాన్ని తప్పు అనడానికి నాకు నోరు రాదు.

ఇదంతా ఎక్కడో సిరియా సంగతి అనుకోనక్కర్లేదు. మా అమ్మమ్మ ఊరు మక్తల్ దగ్గర. ఆ ప్రాంతంలోనే ఉట్నూరు ఉంది (ఆదిలాబాదు ఉట్నూరు కాదు). అక్కడి బూడిద దిబ్బను 1957లో రేమండ్ అల్చిన్ అనే బ్రిటిషు పండితుడు తవ్వారు. నాలుగు వేల ఏళ్ళకి పైబడిన పశువుల దొడ్డి అది. పేడ పోగులను మళ్ళీ మళ్ళీ కాల్చిన బూడిద. అందులో పశువుల గిట్టల గుర్తులు కూడా దొరికాయి. మన సంక్రాంతి రోజుల మంటలకీ ఆ మంటలకీ చుట్టరికం ఉండవచ్చని అల్చిన్ ఊహించారు. ఊహే అనుకోండి, అయినా నాకు ఇష్టమైన ఊహ. ఆ కాలపు దక్షిణాది జనం పండించినవి అండుకొర్రలు, ఉలవలు, పెసలు. వరి చాలా కాలం తరువాత వచ్చింది. అంటే మన అరిసె ఈ పండుగకి కొత్త చుట్టమే.

ఇక అసలు ప్రశ్న. వాళ్ళు మనకోసం చెయ్యలేదు కదా, మనకి అప్పెలా అవుతుంది? ఆ అబ్బాయి రెండో వారం ఇదే అడిగాడు.

నేను వైద్యవిద్య ఈ దేశంలోనే చదివాను. మొదటి ఏడాది మాకు ఒక పాత ఎముకల పెట్టె ఇచ్చారు. అవి ఎక్కడివని అడిగితే, బహుశా ఇండియావి అన్నారు. 1985లో మన ప్రభుత్వం నిషేధించేదాకా ప్రపంచంలోని వైద్య కళాశాలలకి ఎముకలు ఎక్కువగా మన దేశం నుండే వెళ్ళేవి. బీదవాళ్ళవి, దహనానికి కట్టెలు కొనలేని వాళ్ళవి. ఆ మనిషి నాకు ఏదీ ఇవ్వలేదు, ఆ మనిషిని ఎవరూ అడగలేదు. అయినా ఇవాళ ఎవరి మోకాలు పట్టుకున్నా నా వేళ్ళకి తెలిసినదంతా ఆ పెట్టెలోదే. దానిని దానం అని పిలిస్తే అబద్ధం. నాకు సంబంధం లేదంటే ఇంకా పెద్ద అబద్ధం. అబూ హురేరా ఆడవాళ్ళ సంగతీ నాకు అలాగే తోస్తుంది. "రైతు త్యాగం" అని మనం వేదికల మీద అంటూ ఉంటాం. త్యాగమంటే తెలిసి ఇచ్చేది. వాళ్ళని ఎవరడిగారు?

"అయితే ఏం చెయ్యాలి?" అన్నాడు. సంక్రాంతి నాడు మావారు తర్పణం వదులుతారు. తండ్రి, తాత, ముత్తాత పేర్లయ్యాక, చివర బట్ట పిండి, నీళ్ళిచ్చేవాళ్ళెవరూ లేనివాళ్ళ కోసం ఆ నీటిని వదులుతారు. ఇది చెబితే వాడు కాసేపు ఆలోచించి, "డిక్సన్ మౌండ్స్ వాళ్ళు కూడా అందులోకి వస్తారా?" అన్నాడు. ఆ సమాధులను 1992 వరకు తెరిచి టిక్కెట్టు మీద చూపించినట్టు చూపించారని, ఆదివాసులు పోరాడితే మూశారని వాడే చదివి వచ్చాడు. నాకు తెలియక పంతులుగారిని అడిగాను. "ఎవరూ లేనివాళ్ళకి అన్నారమ్మా, ఏ దేశం వాళ్ళో అనలేదు" అన్నారు. వాళ్ళ వాళ్ళు ఉన్నారు కదండీ, పోరాడింది వాళ్ళేగా అన్నాను. ఆయన నవ్వి ఊరుకున్నారు.

భోగి మంట ఎప్పటిలాగే గుడి వెనక పార్కింగులో, తెల్లవారుజామున. పిడకలు తెచ్చే పని ఆ అబ్బాయి తీసుకున్నాడు. అండుకొర్రల జావ నేను కాచి తెస్తాను, బెల్లం వేసిందీ వెయ్యనిదీ రెండూ. షుగరు ఉన్నవాళ్ళు రెండోది అడగండి.